ఊదని విజిల్‌ను ఏ షీట్లో రాయాలి? ఎన్‌బీఏ పెద్దలకు కర్నూలు నుంచి ఒక బహిరంగ లేఖ

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ ఆడం సిల్వర్ గారికి, లీగ్‌లో రెఫరీల వ్యవహారాలు చూసే పెద్దలందరికీ కర్నూలు నుంచి నమస్కారం.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. ఇక్కడ సి.క్యాంపు వైపు నాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆదివారాల్లోనూ, దసరా సంక్రాంతి సెలవుల్లోనూ షాపు మా ఆవిడకు అప్పజెప్పి చుట్టుపక్కల ఊళ్లలో జరిగే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లకు రెఫరీగా పోతుంటాను. ఇరవై ఏళ్ల నుంచీ ఇదే వరస. వాళ్లిచ్చే డబ్బులు బండి పెట్రోలుకు, ఒక పూట భోజనానికి సరిపోతాయి, అంతకుమించి మిగిలేదేమీ ఉండదు, అయినా మెడలో విజిల్ వేసుకుని సిమెంటు కోర్టు మధ్యలో నిలబడితే ఒక దర్పం వస్తుంది చూడండి, దానికోసం పోతాను, అబద్ధమెందుకు. కాబట్టి దీన్ని ఊరికే అరిచే అభిమాని ఉత్తరం అనుకోకండి. మీ రెఫరీలకు సాటివాడే రాస్తున్నాడు, కాకపోతే చాలా చిన్న సాటివాడు.

"తెలుగులో రాస్తే వాళ్లకెట్ల తెలుస్తాది మామా" అని మా మేనల్లుడు నవ్వాడు. ఇంగ్లీషులో రాసినా వాళ్లు చదవరురా, తెలుగులో రాస్తే మనవాళ్లన్నా చదువుతారు అన్నాను. నిజానికి ఈ ఉత్తరంలో సగం మీకు, సగం మా దగ్గర మెడలో విజిల్ వేసుకుని తిరిగేవాళ్లకు.

అల్లుడు లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్ అభిమాని, నేను శాక్రమెంటో కింగ్స్. మీ మ్యాచ్‌లు మాకు తెల్లవారుజామున మొదలవుతాయి. ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టుకుని ఇద్దరం కూర్చుంటాం, హోటల్ నుంచి ఉగ్గాని బజ్జీ పొట్లం వచ్చేసరికి మూడో క్వార్టర్ నడుస్తుంటుంది, నాలుగో క్వార్టర్ కల్లా ఇద్దరికీ గొడవ మొదలవుతుంది. ఆ గొడవ ఎప్పుడూ ఒకటే. పెద్ద పేరున్న జట్టుకు, పెద్ద పేరున్న ఆటగాడికి విజిల్ ఒక రకంగా మోగుతుంది, మిగతావాళ్లకు ఇంకో రకంగా మోగుతుంది అని నేనంటాను. ఓడిపోయినోళ్ల ఏడుపు అని వాడంటాడు.

కర్నూల్లో కూర్చుని నీకెందుకయ్యా ఈ గోల అనొచ్చు మీరు. మీరే తలుపు తట్టారు కదా. 2017లో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో అకాడమీ పెట్టారు, బడి పిల్లలకు ఆట నేర్పుతామన్నారు. 2019 అక్టోబరు 4, 5 తేదీల్లో ముంబైలో రెండు ప్రీ సీజన్ మ్యాచ్‌లు ఆడించారు, మన గడ్డమీద ఎన్‌బీఏ జట్లు తలపడడం అదే మొదలు. నేను పోలేదు, ముంబై ఖర్చు మనవల్ల కాదు. ఆ వచ్చిన జట్లేవి? లేకర్స్ రాలేదు, సెల్టిక్స్ రాలేదు, నిక్స్ రాలేదు. శాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్ వచ్చాయి. రెండు మ్యాచ్‌లూ పేసర్సే గెలిచారు, మొదటిదైతే ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటు తేడాతో, 132-131. కింగ్స్ యజమాని వివేక్ రణదివె ముంబైలో పుట్టినవాడు కాబట్టి కింగ్స్ రావడంలో వింత లేదు. కానీ రెఫరీల చేతిలో దెబ్బతిన్నామని మొత్తుకునే జట్ల పేర్లు రాస్తే ఈ రెండూ పైవరసలోనే ఉంటాయి, మీరు మాకు పంపించింది సరిగ్గా ఆ ఇద్దరినే. అభిమానం ఎక్కడ తగులుకుంటుందో మన చేతిలో ఉండదు, నాది శాక్రమెంటోకు తగులుకుంది.

అలా తగులుకున్నాక పాత మ్యాచ్‌లు చూడకుండా ఉండలేం కదా. 2002 మే 31, లాస్ ఏంజెలెస్, వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఆరో మ్యాచ్. సిరీస్‌లో కింగ్స్ 3-2తో ముందున్నారు, ఇంకొక్కటి గెలిస్తే ఎన్‌బీఏ ఫైనల్స్. ఆ మ్యాచ్ నాలుగో క్వార్టర్లో, అంటే 12 నిమిషాల ఆటలో, లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాడి ఫౌల్‌కు బదులుగా అడ్డు లేకుండా వేసుకునే షాట్లు, వచ్చాయి. ఇరవై ఏడు! మా కోర్టులో మ్యాచ్ మొత్తానికి రెండు జట్లకూ కలిపి అన్ని రావు. కింగ్స్ పొడగరి ఆటగాళ్లు వ్లాదె దివాచ్, స్కాట్ పొలార్డ్ ఇద్దరూ ఆరు ఫౌళ్లు నిండి బెంచీకి పోయారు. చివరి క్షణాల్లో కోబీ బ్రయంట్ మోచెయ్యి మైక్ బిబీ ముక్కుకు తగిలి రక్తం వచ్చింది, కోబీ మీద విజిల్ మోగలేదు. లేకర్స్ 106, కింగ్స్ 102. ఆ తర్వాత ఏడో మ్యాచ్‌ కూడా ఓవర్‌టైమ్‌లో గెలిచి, ఫైనల్స్‌లో నెట్స్‌ను 4-0తో ఊడ్చేసి లేకర్స్ వరసగా మూడో టైటిల్ ఎత్తుకున్నారు. మా శాక్రమెంటోకు ఈ రోజుకూ టైటిల్ లేదు. మధ్యలో 16 సీజన్లు ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ సిరీస్‌ల ముఖమే చూడలేదు.

ఉత్తరాలు రాయడం కూడా నాతో మొదలు కాలేదు. ఆ మ్యాచ్ అయిన కొద్దిరోజులకే రాల్ఫ్ నాడర్ అని, అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం కొట్లాడిన పెద్దమనిషి, అప్పటి కమిషనర్ డేవిడ్ స్టెర్న్‌కు ఇదే విషయం మీద ఉత్తరం రాశాడు. దేశాధ్యక్ష పదవికి పోటీ చేసినవాడు అడిగితేనే ఏమీ కదల్లేదు, జిరాక్స్ షాపువాడు అడిగితే కదులుతుందా? తెలుసు. అయినా రాస్తున్నాను.

ఇప్పుడు అల్లుడి పక్షాన కూడా మాట్లాడాలి, లేకపోతే నేను రెఫరీనే కాదు.

ఆ ఏడో మ్యాచ్ జరిగింది శాక్రమెంటోలోనే, సొంత జనం మధ్య. అందులో కింగ్స్‌కు 30 ఫ్రీ త్రోలు వస్తే 16 మాత్రమే వేశారు. ఎదురుగా మనిషి లేడు, చేతిలో బంతి ఉంది, టైము ఉంది, వెయ్యలేకపోయారు. ఆ పధ్నాలుగింటికి రెఫరీని తిట్టలేం. ఇంకోటి, 2023 జనవరి 28న బోస్టన్‌లో లేకర్స్, సెల్టిక్స్ మ్యాచ్, మాకు ఆదివారం పొద్దున. స్కోరు సమానంగా ఉండగా ఆఖరి సెకన్లలో లేకర్స్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ లేఅప్‌కు, అంటే రింగు దగ్గరికి దూసుకుపోయి బంతి వెయ్యడానికి పోయాడు, సెల్టిక్స్ ఆటగాడు జేసన్ టేటమ్ చెయ్యి ఆయన చేతిమీద పడింది, టీవీ చూసే చిన్నపిల్లవాడికి కూడా కనపడింది, ముగ్గురు రెఫరీలకు కనపడలేదు. లెబ్రాన్ కోర్టులో మోకాళ్ల మీద కూలబడిపోయాడు. వాళ్ల జట్టువాడే ప్యాట్రిక్ బెవర్లీ ఒక ఫోటోగ్రాఫర్ కెమెరా తీసుకుపోయి రెఫరీకి చూపించబోయి టెక్నికల్ ఫౌల్ తెచ్చుకున్నాడు. ఓవర్‌టైమ్‌లో సెల్టిక్స్ 125-121తో గెలిచారు. మర్నాడు రెఫరీల సంఘమే పొరపాటు చేశామని, అది తమను కలచివేస్తోందని బహిరంగంగా రాసింది. లోకంలో అందరికంటే పెద్ద స్టార్‌కే విజిల్ రాలేదు, ఇప్పుడేమంటావ్ మామా అని ఆ రోజు అల్లుడు బజ్జీ కూడా ముట్టలేదు.

అన్నీ ముందే రాసిపెట్టి ఆడిస్తారనే మాట కూడా నేను నమ్మను. మీరు పెద్ద నగరాలనే గెలిపించేట్టయితే 2025 ఫైనల్స్‌లో ఓక్లహోమా సిటీ, ఇండియానా ఎట్లా తలపడతాయి? అమెరికా లెక్కలో అవి మన నంద్యాల, ఆదోని లాంటివి. శాన్ ఆంటోనియో ఐదుసార్లు ఎట్లా గెలుస్తుంది? టిమ్ డొనాగీ అనే మీ రెఫరీ తాను ఊదే మ్యాచ్‌ల మీద తానే పందేలు కాసి, 2007లో బయటపడి, 2008లో 15 నెలల జైలుశిక్ష తెచ్చుకున్నాడు, శిక్ష పడేముందు ఆ 2002 సిరీస్ మీద కూడా ఏవో ఆరోపణలు చేశాడు, మీరు కొట్టిపారేశారు. జైలుకు పోయినవాడి మాటను సాక్ష్యంగా నేనూ తెచ్చుకోను.

మరి నా గోల ఏమిటి? డబ్బు తీసుకోకుండా, ఎవరూ చెప్పకుండా, రెఫరీకే తెలియకుండా విజిల్ ఒకవైపు ఒరుగుతుంది. ఇది నాకెట్లా తెలుసంటే, నా విజిల్ ఒరిగింది కాబట్టి.

ఊరి పేరు, కాలేజీల పేర్లు చెప్పను. ఒక టోర్నమెంటు సెమీఫైనల్. ఒకవైపు పెద్ద ఊరి జట్టు, సొంత బస్సులో దిగారు, అందరికీ ఒకే రంగు బూట్లు, వాళ్లలో స్టేట్‌కు ఆడిన కుర్రాడు ఒకడున్నాడు, వాడి పేరు అందరికీ తెలుసు. రెండోవైపు ఒక చిన్న ఊరి జూనియర్ కాలేజీ పిల్లలు, బనియన్ల మీద నంబర్లు మార్కర్‌తో రాసుకుని వచ్చారు. పెద్ద జట్టుకు లాడ్జీలో ఏసీ రూములు, వీళ్లకు కాలేజీ వరండా. మర్నాడు ఫైనల్‌కు ముఖ్య అతిథి వస్తున్నాడు, ఆయనే దాత. గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో ఆ స్టార్ కుర్రాడు బంతి పట్టుకుని ఉన్న ఫోటో అప్పటికే వేసేశారు, సెమీఫైనల్ ఇంకా మొదలే కాలేదు! నాతో ఎవరూ ఒక్క మాట అనలేదు. నిర్వాహకుడు మంచివాడు, టీ తాగినావా అన్నా అని తప్ప ఇంకేమీ అడగలేదు. చెప్పాల్సిన పనేముంది, ఫ్లెక్సీ నేను కూడా చూశాను కదా.

చివరి క్వార్టర్లో స్కోరు సమానం. స్టార్ కుర్రాడు దూసుకొచ్చి లేఅప్ వేశాడు, డిఫెండర్ భుజం తగిలింది, బంతి రింగుకు తగిలి బయటికి పోయింది. నేను ఊదాను. రెండు ఫ్రీ త్రోలు, రెండూ పడ్డాయి. వెంటనే అవతలివైపు సన్నటి కుర్రాడొకడు అదే మాదిరి దూసుకుపోయాడు, అదే మాదిరి భుజం తగిలింది, అదే మాదిరి బంతి బయటికి పోయింది. విజిల్ నా పళ్ల మధ్యే ఉంది. ఊదలేదు. పెద్ద జట్టు ఆ రెండు పాయింట్లతోనే గెలిచింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్తే బాగుంటుంది గానీ, బాగానే నిద్రపోయాను. నేను తప్పు చేశానని నాకు తెలియనే తెలియదు. చాలా రోజులకు ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూస్తుంటే తెలిసింది. రెండు డ్రైవ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి, ఒకే మనిషి రెండుసార్లు పరిగెత్తినట్టు ఉన్నాయి. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారే, ఆ అత్తగారిని నేనే.

ఎందుకు అట్లా చేశానా అని మొదట్లో చాలా ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తాను. భయం కాదు. ఆశ కాదు. స్టార్ కుర్రాడు ఎప్పుడూ లేఅప్ మిస్ చెయ్యడు, అది నా బుర్రలో ఉంది. అట్లాంటివాడు మిస్ చేశాడంటే ఎవరో కొట్టి ఉండాలి, కాబట్టి కన్ను ఆ దెబ్బ కోసం వెతుక్కుంది, దొరికింది. సన్నటి కుర్రాడు మిస్ చేస్తే అది మామూలే కదా, వాడి ఆట అంతే కదా, వెతకాల్సిన పనేముంది. అర సెకనులో తీసుకునే నిర్ణయం అది, అంత తక్కువ టైములో కళ్లకంటే ముందు పేరు మాట్లాడుతుంది. మీ రెఫరీలు నాకంటే వందరెట్లు నిపుణులు, ఒప్పుకుంటాను, కానీ వాళ్లకు కూడా అదే అర సెకను, వాళ్ల ముందు నిలబడే పేర్లు మాత్రం నేను చూసినవాటికంటే వెయ్యి రెట్లు పెద్దవి. 2025 ప్లేఆఫ్స్‌లో ఓక్లహోమా సిటీ ఆటగాడు షే గిల్జియస్ అలెగ్జాండర్ ఫ్రీ త్రో వెయ్యబోతుంటే మిన్నెసోటా జనం ఫ్రీ త్రో వ్యాపారి అని ఒక్క గొంతుతో అరిచారు. ఆయన జట్టుది చిన్న ఊరే, కానీ ఆయన ఆ సీజన్‌కు ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు. అందుకే నేను నగరాల లెక్క కంటే పేర్ల లెక్కే ముఖ్యమంటాను.

ఆ సన్నటి కుర్రాడు తర్వాత ఒకసారి మా షాపుకు వచ్చాడు. డిగ్రీలో చేరడానికి టీసీ, మార్కుల మెమో జిరాక్స్ తీయించుకోవాలి. నన్ను గుర్తుపట్టాడు, కాసేపు ఏమీ అనలేదు, కాగితాలు మిషన్లోంచి వస్తుంటే అప్పుడడిగాడు. "సార్, ఆ పొద్దు నాకు తగిలిందా లేదా? మా వాళ్లు యాక్టింగ్ చేసినావంటారు." తగిలింది నాయనా, నేనే ఊదలేదు అన్నాను. "సరే సార్" అన్నాడు. డబ్బులు వద్దన్నా వినకుండా టేబుల్ మీద చిల్లర పెట్టిపోయాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు. వాడికి కావాల్సింది మ్యాచ్ కాదు, అది ఎప్పుడో అయిపోయింది, తగిలింది అనే మాట ఒక్కటి ఊదాల్సినవాడి నోటి నుంచి కావాలి.

ఇక మీ దగ్గరికొస్తాను. అడిగినవాడికి మీరేమిస్తున్నారు?

2024 మే నెల, న్యూయార్క్ నిక్స్, ఇండియానా పేసర్స్ సిరీస్. మొదటి మ్యాచ్‌లో ఇంకో 52 సెకన్లుందనగా పేసర్స్ ఆటగాడి చేతికి తగిలిన బంతిని కాలికి తగిలిందని ఊదారు, ఆ తప్పు మీద ఛాలెంజ్‌కు, అంటే వీడియోలో మళ్లీ చూడమని కోచ్ అడగడానికి రూలు ఒప్పుకోలేదు, మ్యాచ్ అయ్యాక రెఫరీలే పొరపాటని ఒప్పుకున్నారు. రెండో మ్యాచ్ కూడా ఓడాక పేసర్స్ కోచ్ రిక్ కార్లైల్ రెండు మ్యాచ్‌లకూ కలిపి 78 నిర్ణయాలను పట్టీ కట్టి మీకు పంపించాడు, చిన్న మార్కెట్ జట్లకు, అంటే చిన్న నగరాల జట్లకు కూడా న్యాయంగా ఆడే అవకాశం దక్కాలి అన్నాడు. మీరు 35,000 డాలర్ల జరిమానా వేశారు. మన డబ్బుల్లో 29 లక్షల పైమాటే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? ఆయన దొంగ అని కూడా అనలేదు, లెక్క చూడండి అన్నాడు. చివరికి పేసర్స్ ఆ సిరీస్‌ను ఏడో మ్యాచ్‌లో న్యూయార్క్‌లోనే గెలిచారు, అది వేరే సంగతి. గెలిచారు కాబట్టి ఆ 78లో ఎన్ని నిజమో ఎవరికీ అక్కర్లేకుండా పోయింది, నాకు మాత్రం ఇప్పటికీ కావాలి.

(చిన్న మార్కెట్ అనే మాట విని మా కర్నూలువాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో మీకు తెలియదు. 1953 అక్టోబరు 1న రాజధాని అయి, మూడేళ్లు తిరిగి 1956 వచ్చేసరికి మాజీ రాజధాని అయిన ఊరు మాది. ఆ గోల మీకు చెప్పేది కాదు, వేరేవాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను.)

మార్క్ క్యూబన్ సంగతి కొంచెం వేరు. 2002 జనవరిలో డల్లాస్ జట్టు యజమానిగా ఉంటూ, మీ రెఫరీల అధికారిని డెయిరీ క్వీన్ అనే ఐస్‌క్రీం అంగడికి మేనేజర్‌గా కూడా పెట్టుకోనన్నాడు, 5 లక్షల డాలర్లు కట్టాడు. నోరు జారాడు, కట్టాల్సిందే. ఆ అంగడివాళ్లు మా పని అంత తేలిక అనుకున్నావా, వచ్చి చేసి చూడు అని పిలిస్తే ఆయన పోయి ఒక రోజు కౌంటర్ దగ్గర నిలబడి ఐస్‌క్రీం ఇచ్చాడు కూడా, అది నాకు నచ్చింది. కానీ తిట్టినవాడికీ లెక్క అడిగినవాడికీ మీ దగ్గర మందు ఒకటే, జరిమానా.

మీరు ఏమీ చెయ్యలేదని కాదు. 2014లో న్యూజెర్సీలో రీప్లే సెంటర్ కట్టారు. 2019-20 సీజన్ నుంచి కోచ్‌కు ఛాలెంజ్ ఇచ్చారు, మొదటిది గెలిస్తే 2023-24 నుంచి రెండోది కూడా. అన్నిటికంటే నాకు బాగా నచ్చింది 2015 మార్చి నుంచి మీరు బయటపెడుతున్న చివరి రెండు నిమిషాల నివేదిక. దగ్గరి స్కోరుతో నడిచిన మ్యాచ్‌లో ఆఖరి రెండు నిమిషాలు, ఓవర్‌టైమ్ ఉంటే అది కూడా, ప్రతి విజిల్‌నూ ఒక్కొక్కటిగా చూసి ఇది సరి, ఇది తప్పు అని మర్నాడు బయటపెడతారు. ఊదాల్సి ఉండీ ఊదనివి కూడా రాస్తారు. ఇది ఎంత పెద్ద సంగతో మామూలు జనానికి తెలియదు, విజిల్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది. మా స్కోర్‌షీట్లో ఎవడికి ఎన్ని ఫౌళ్లో ఉంటుంది, ఎన్నో నిమిషంలో ఎవరు ఫ్రీ త్రో వేశారో ఉంటుంది, కానీ ఊదని విజిల్‌కు గడి లేదు. సన్నటి కుర్రాడికి తగిలిన దెబ్బ ఏ కాగితం మీదా లేదు. మీ ఛాలెంజ్ రూలు కూడా మోగిన విజిల్ చుట్టూ తిరిగేదే, మోగని ఫౌల్ కోసం కోచ్ నేరుగా వేలెత్తడానికి వీల్లేదు. మోగనిదాన్ని కాగితం మీద పెట్టేది ఆ ఒక్క నివేదికే.

అయితే 48 నిమిషాల ఆటలో రెండు నిమిషాలేనా?

మ్యాచ్ ఆఖర్లోనే చెడుతుందని ఎవరు చెప్పారండీ. స్టార్‌ను కాపలా కాసే కుర్రాడి మీద మొదటి క్వార్టర్లో రెండు మెత్తటి ఫౌళ్లు ఊదితే చాలు, వాడు బెంచీకి పోతాడు, వాడి స్థానంలో వచ్చినవాడు భయం భయంగా ఆడతాడు, మూడో క్వార్టర్ కల్లా తేడా పదిహేను అవుతుంది, ఇక ఆఖరి రెండు నిమిషాలకు నివేదికే రాదు, ఎందుకంటే అది దగ్గరి మ్యాచ్ కాదు! ఏకపక్షంగా ఊదిన మ్యాచ్ ఏకపక్షంగా ముగిస్తే మీ లెక్కలో అందులో తప్పే లేదన్నమాట. 2002లో ఈ నివేదికే ఉన్నా ఆ 27 ఫ్రీ త్రోలలో చాలావాటిని అది చూసేదే కాదు.

పైగా ఆ లెక్క మీ దగ్గర లేక కాదు. ప్రతి మ్యాచ్‌లో ప్రతి విజిల్‌నూ మీవాళ్లు లోపల చూసి రెఫరీలకు మార్కులు వేస్తారని మీరే చెప్తుంటారు. రాసిన కాగితం బీరువాలో ఉంది. కాపీ అడుగుతున్నాను, అంతే. కాపీలు తీయడం నా వృత్తి, ఎంత ఖర్చవుతుందో నాకు తెలుసు.

దీనికి అడ్డు చెప్పేవాళ్లున్నారు, వాళ్లలో ఆటగాళ్లు కూడా ఉన్నారు. 2016 క్రిస్మస్ నాడు క్లీవ్‌లాండ్ చేతిలో గోల్డెన్ స్టేట్ ఒక్క పాయింటుతో ఓడింది, ఆఖర్లో కెవిన్ డ్యురాంట్‌కు రావాల్సిన ఫౌల్ రాలేదని మీ నివేదికే చెప్పింది. అంటే మేలు జరిగింది ఆయనకే, అయినా ఆయనే కోప్పడ్డాడు, మనుషులైన రెఫరీలను ఇట్లా జనం ముందు పడెయ్యడమేంటని. మీ రెఫరీల సంఘం కూడా ఈ నివేదికలు ఆపెయ్యమనే అంది. ఒక రెఫరీగా నాకు ఆ బాధ తెలుసు. మా ఊళ్లో అయితే నివేదిక అక్కర్లేదు, మర్నాడు కూరగాయల మార్కెట్‌కు పోతే చాలు, "ఏమప్పా రెఫరీ, కండ్లు బాగున్నాయా" అంటారు. కానీ రెండు నిమిషాల నివేదికే రెఫరీకి ఎక్కువ అన్యాయం చేస్తోంది, పూర్తి నివేదిక కాదు. అత్యంత టెన్షన్ ఉన్న రెండు నిమిషాలు తీసి, అందులో తప్పులు ఎత్తి చూపి, మిగతా 46 నిమిషాల్లో ఆ మనిషి సరిగ్గా ఊదిన విజిళ్లన్నీ దాచిపెడితే ఆయన చేతగానివాడిలా కనపడడా? మొత్తం చూపించండి. ఎంత బాగా ఊదుతారో కూడా అప్పుడే తెలుస్తుంది.

బయటపెడితే ఏమొస్తుందంటారా, దానికి మీ లీగ్‌లోనే రుజువుంది. జోసెఫ్ ప్రైస్, జస్టిన్ వుల్ఫర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1991 నుంచి 2004 వరకు మీ మ్యాచ్‌ల లెక్కలు తీసి, రెఫరీల జాతికీ ఆటగాడి జాతికీ తేడా ఉన్నప్పుడు ఫౌళ్లు కొంచెం ఎక్కువ పడుతున్నాయని తేల్చారు. 2007లో అది పత్రికల్లో మొదటి పేజీకెక్కింది, మీరు ఒప్పుకోలేదు. తర్వాత వాళ్లే డెవిన్ పోప్‌తో కలిసి మళ్లీ లెక్క తీస్తే, ఆ వార్త వచ్చిన తర్వాతి సీజన్లలో ఆ తేడా మాయమైంది. ఎవరినీ తీసేయలేదు, శిక్షణ మార్చలేదు. నీ విజిల్ ఇటు ఒరుగుతోంది అని తెలిసింది, అంతే. నేను ఆ వీడియో చూసిన తర్వాత సన్నటి కుర్రాళ్లు రింగ్ వైపు దూసుకుపోతుంటే నా చూపు ఎట్లా మారిపోయిందో నాకు తెలుసు కాబట్టి ఆ పరిశోధనను నమ్ముతాను. అదే ప్రైస్ ఇంకో ఇద్దరితో కలిసి 2012లో మరో పరిశోధన వేశాడు, రెఫరీ విచక్షణతో పడే నిర్ణయాలు సొంత ఊరి జట్టుకు, వెనకబడిన జట్టుకు, ప్లేఆఫ్ సిరీస్‌లో వెనకబడిన జట్టుకు కొంచెం అనుకూలంగా ఒరుగుతున్నాయని. సిరీస్ ఎంత సాగితే లీగ్‌కు అంత ఆదాయం అని జనం గుసగుసలాడుకుంటే తప్పెవరిది? నా ఫ్లెక్సీ కథ లాంటిదే ఇది కూడా, ఎవరూ చెప్పి ఉండరు.

అందుకే సిల్వర్ గారూ, అడుగుతున్నది ఇంతే. ప్లేఆఫ్స్ వరకైనా మ్యాచ్ మొత్తానికి నివేదిక ఇవ్వండి, తేడా ఎంతున్నా సరే. లెక్క అడిగిన కోచ్‌కు జరిమానా బదులు లెక్క పంపించండి, తిట్టినవాడిని మీ ఇష్టం. మ్యాచ్ అయ్యాక ఒక్క విలేకరిని లోపలికి పిలిచి రెఫరీల పెద్ద చేత రెండు ముక్కలు చెప్పించే పద్ధతి బదులు ఆయన్నే మైకు ముందుకు రానివ్వండి, కోచ్‌లు ఆటగాళ్లు వస్తున్నారుగా. అల్లుడు ఇంకోటి కూడా రాయమన్నాడు, ట్రావెలింగ్, అంటే బంతిని నేలకు కొట్టకుండా ఎక్కువ అడుగులు వేస్తే తప్పనే రూలు మీ పుస్తకంలో ఇంకా ఉందో లేదో కనుక్కోమని. దాని గురించి మాట్లాడితే తెల్లారిపోతుంది, వదిలేస్తున్నాను.

మీరు మొదలుపెట్టేదాకా ఎందుకని నేను మొదలుపెట్టాను. పోయిన నెల ఒక టోర్నమెంటులో మ్యాచ్ అయ్యాక స్కోరర్ పక్కన కూర్చుని, గుర్తున్నంతవరకు నా తప్పులు ఒక తెల్లకాగితం మీద రాశాను. ఊదకూడనివి రెండు, ఊదాల్సినవి మూడు, ఏ క్వార్టరో, ఏ నంబరు కుర్రాడో. దగ్గర్లో ఉన్న షాపులో రెండు కాపీలు తీయించి ఇద్దరు కోచ్‌లకూ చెరొకటి ఇచ్చాను. గెలిచిన కోచ్ చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఓడిన కోచ్ నిలబడి రెండుసార్లు చదివి, అద్దాలు పైకి జరుపుకుని అడిగాడు: "ఏమప్పా, ఇంకా రెండున్నాయి కదా, అవేడబోయినాయి?"

ఆ రెండూ ఏవో ఆయన చెప్తే రాసుకున్నాను. ఒకదానిమీద మాత్రం ఒప్పుకోలేదు.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక ఆదివారం రెఫరీ